జోసెఫ్ లిస్టర్: గాయానికి కట్టు కట్టడం నేర్పిన మహాశయుడు

ఉద్దానం గాలి పీల్చి పెరిగిన మాకు ఆసుపత్రి వరండా కొత్త కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతాలలో కొబ్బరి తోటల నీడలోనే మూత్రపిండాల వ్యాధి కూడా నివసిస్తున్నదన్న సంగతి పాఠకులకు విదితమే. ఒకప్పుడు ఈ రోగులు డయాలిసిస్ కోసం రైలెక్కి విశాఖపట్టణం పోవలసి వచ్చేది. తరువాత మన ప్రాంతపు ప్రభుత్వ ఆసుపత్రులలోనే ఆ సదుపాయం ఏర్పడింది. 2023 డిసెంబరులో పలాసలోనే మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. మా బంధువు ఒకాయనకు తోడుగా ఒక డయాలిసిస్ గది వాకిట కూర్చున్ననాడు మేము చూచిన ఒక చిన్న దృశ్యమే ఈ వ్యాసానికి మూలం.

ఆయన మెడ ప్రక్కన చర్మం క్రిందుగా ఒక మెత్తని గొట్టం అమర్చి ఉన్నది. చేతి రక్తనాళం సిద్ధమయ్యేవరకు ఆ గొట్టం ద్వారానే రక్తం యంత్రంలోనికి పోయి శుద్ధియై తిరిగి రావాలి. ఆ గొట్టం చుట్టూ ఉన్న కట్టు మార్చడానికి సిస్టరమ్మ వచ్చింది. ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టుకున్నది. తాను ముక్కూనోరూ కప్పుకొని, రోగికి కూడా కప్పి, ముఖాన్ని రెండవవైపు త్రిప్పుకొమ్మన్నది. ఒక జత తొడుగులతో పాత కట్టు విప్పి, ఎర్రదనమూ వాపూ రసీ ఉన్నవేమోనని పరకాయించి చూచి, ఆ తొడుగులు పారవేసి, మరల చేతులు శుభ్రపరచుకొని, లోపలిభాగం తాకకుండా పొట్లం విప్పి, కొత్త తొడుగులు ధరించింది. మందుతో చర్మాన్ని తుడిచింది. అది ఆరేవరకు ఏమీ చేయక నిలబడింది. అప్పుడుగాని కొత్త గాజుగుడ్డ వేసి, తేదీ వ్రాసి, వెళ్లలేదు.

రూపాయి బిళ్లంత గాయానికి ఇంత తతంగమా అని ఆనాడు మాలో మేము విసుక్కున్న మాట దాచవలసిన పని లేదు. బస్సు వేళ మించిపోతున్నదని తొందరపెట్టబోయాము కూడా. తరువాత తెలిసింది, ఆ గొట్టం చివర గుండె సమీపంలోని పెద్దసిరలో ఉంటుందని, అక్కడ అంటిన మైల నేరుగా నెత్తుటిలో కలుస్తుందని. మా బస్సుకంటె ఆమె నిలబడిన ఆ అరనిమిషం విలువైనదని గ్రహించి సిగ్గుపడ్డాము. ఆ అరనిమిషాన్ని లోకానికి నేర్పినవారెవరని వెదుకగా మాకు కనిపించిన జీవితం జోసెఫ్ లిస్టర్‌ది. ఆ జీవితాన్ని మన విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల పాలకవర్గం పెద్దల ముందు ఉంచడమే మా ఉద్దేశ్యం.

లిస్టర్ 1827 ఏప్రిల్ 5వ తేదీన ఇంగ్లండు దేశంలో, లండను నగర సమీపాన గల అప్టన్ గ్రామంలో జన్మించాడు. వారిది క్వేకర్ కుటుంబం. ఆడంబరం లేని వేషం, మితభాషణ, నిరాడంబర జీవనం ఆ మతశాఖవారి నియమాలు. తండ్రి జోసెఫ్ జాక్సన్ లిస్టర్ వృత్తిచేత ద్రాక్షసారాయపు వర్తకుడు, ప్రవృత్తిచేత శాస్త్రజ్ఞుడు. ఆ కాలపు సూక్ష్మదర్శినులలో వస్తువు చుట్టూ రంగుల మసక ఏర్పడి స్పష్టంగా కనిపించేది కాదు. కటకాలను తగినరీతిగా కూర్చి ఆ మసకను తొలగించే మార్గాన్ని ఆయన 1830లో ప్రకటించి, తరువాత రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికైనాడు. కంటికి కానరాని లోకం ఒకటున్నదన్న సంగతి ఇతర బాలురకు పుస్తకంలో పాఠమైతే, ఈ బాలునికి ఇంటి బల్లమీద నిత్యం కనిపించే సత్యం. తరువాతి కాలంలో కానరాని శత్రువును ఆయన నమ్మగలగడానికి ఈ పెంపకమే పునాది అని మా అభిప్రాయం.

లండన్ యూనివర్సిటీ కళాశాలలో 1847లో పట్టభద్రుడై, అక్కడనే వైద్యవిద్య చదివి 1852లో పూర్తి చేశాడు. మధ్యలో మశూచి సోకి, మనస్సు కృంగి, కొంతకాలం చదువు మానవలసి వచ్చింది. ఆయన విద్యార్థిగా ఉన్నప్పుడే, 1846 డిసెంబరులో, అదే కళాశాల ఆసుపత్రిలో రాబర్ట్ లిస్టన్ అనే శస్త్రవైద్యుడు ఈథరు మత్తునిచ్చి ఒక రోగి కాలు తొలగించాడు. అంతవరకు శస్త్రచికిత్స అంటే నలుగురు పట్టుకొనగా రోగి పెట్టే కేకల మధ్య క్షణాలలో ముగించవలసిన ఘోరం. మత్తు వచ్చిన తరువాత నొప్పి పోయింది. కాని మరణం పోలేదు. నొప్పి లేదు గనుక ఎక్కువమంది కత్తి క్రిందకు వచ్చారు, లోతైన శస్త్రచికిత్సలు సాగాయి, పిమ్మట చీము పట్టి మరణించేవారి సంఖ్య కూడా పెరిగింది. గాయం చేయడం తెలిసిన వైద్యానికి గాయాన్ని కాపాడడం తెలియని కాలమది.

1853లో లిస్టర్ స్కాట్లండు రాజధాని ఎడింబరో వెళ్లి, ఆనాటి శస్త్రవైద్యులలో అగ్రగణ్యుడైన జేమ్స్ సైమ్ వద్ద చేరాడు. కొద్దిరోజులు ఉందామని వెళ్లినవాడు అక్కడనే స్థిరపడి, 1856లో గురువు కుమార్తె ఆగ్నెస్‌ను వివాహమాడాడు. అన్యశాఖ కన్యను పెండ్లాడుటకుగాను తన క్వేకర్ సమాజాన్ని వదులుకున్నాడు. వారికి సంతానం కలుగలేదు. ఆగ్నెస్ భర్త పరిశోధనలలో సహచరియై, ఆయన చెప్పినది చెప్పినట్లు గంటల తరబడి వ్రాసిపెట్టేది. ఆమె దస్తూరితో నిండిన ప్రయోగపు పుస్తకాలు ఎన్నో. కప్పకాలి పలుచని పొరను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, గాయమైనచోట రక్తనాళాలు ఎట్లు ఉబ్బుతవో, నెత్తురు ఎట్లు గడ్డకడుతుందో ఆ దంపతులు ఇంటనే పరిశీలించారు.

ఇక్కడ మన తెలుగునేలకు సంబంధించిన ఒక ముచ్చట చెప్పవలసి ఉన్నది. అదే సైమ్ శిష్యులలో ఎడ్వర్డ్ లారీ అనే మరొకడు తరువాత హైదరాబాదు వచ్చి, అక్కడి వైద్యపాఠశాలకు అధ్యక్షుడైనాడు. 1846లో నెలకొన్న ఆ పాఠశాలలో తొలినాళ్లలో వైద్యం ఉర్దూ భాషలోనే బోధించేవారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ద్రవ్యసహాయంతో 1888, 1889 సంవత్సరాలలో లారీ నడిపిన క్లోరోఫారం పరిశోధనలు వైద్యలోకమంతా చర్చించిన విషయాలు. అనగా ఒక గురువు విద్య ఒక శాఖగా గ్లాస్గోలో గాయాల కట్టుగా, మరొక శాఖగా మూసీ ఒడ్డున మత్తుమందు పరిశోధనగా విస్తరించినది. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో ఈ బంధుత్వం స్మరించదగినదని తలచి పేర్కొన్నాము.

1860లో లిస్టర్ గ్లాస్గో విశ్వవిద్యాలయంలో శస్త్రవైద్యాచార్యుడుగా నియమితుడై, మరుసటి సంవత్సరం అక్కడి రాయల్ ఇన్‌ఫర్మరీ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడైనాడు. ఆ వార్డుల స్థితి తలచుకొంటే నేటికీ ఒళ్లు జలదరిస్తుంది. శస్త్రవైద్యుడు ధరించే పాత కోటు నెత్తురు ఎండి బిరుసెక్కి ఉండేది. ఎంత బిరుసైతే అంత అనుభవశాలి అని లెక్క. ఒక పుండును కడిగిన స్పంజితోనే ప్రక్క పడక పుండును కడిగేవారు. చేతులు పని అయిన తరువాత కడుగుకొనేవారు గాని ముందు కాదు. పుండులో చిక్కని తెల్లని చీము పడితే మంచిదని, గాయం మానుటకు అది శుభసూచకమని పెద్ద పెద్ద వైద్యులు బోధించేవారు. కుళ్లుకు కారణం వార్డులోని చెడుగాలి అని నమ్మి కిటికీలు తెరిచి ఊరుకొనేవారు.

ఈ మాటలు చదివి నవ్వుకొనే ముందు మన ఇండ్లవైపు ఒకసారి చూచుకొందాము. జీడిపిక్కలు కొట్టే చోట పిక్కలోని నూనె చిమ్మి చేతులు పొక్కిన తల్లులు ఆ పొక్కులమీద బూడిద అద్దుకొనడం, కొబ్బరిచెట్టు మీదినుండి జారి మోకాలు చీల్చుకొన్నవానికి కాఫీపొడి కూరి పాతచీర పేలికతో కట్టడం మనం ఎరుగనివి కావు. గ్లాస్గో వైద్యుల తప్పు ఏదో, మన ఇంటి తప్పు కూడా అదే. గాయానికి ఏదో ఒకటి పెట్టాలని అందరికీ తోచింది. పెట్టే చేయి ఎట్టిది, కట్టే గుడ్డ ఎట్టిది అని ఎవరికీ తోచలేదు.

లిస్టర్‌ను ఒక ప్రశ్న వేధించింది. ఎముక విరిగినా చర్మం చీలకపోతే రోగి జ్వరమైనా లేక కోలుకొంటాడు. అదే ఎముక చర్మం చీల్చుకొని బయటికి వస్తే కుళ్లు పట్టి, కాలో ప్రాణమో పోతుంది. విరుగుట రెండింటా ఒకటే గదా, భేదమంతా చర్మం తెరచుకొనుటలోనే ఉన్నది గదా! అయితే ఆ తెరచిన తలుపుగుండా ఏది లోనికి పోతున్నది? గాలియే కారణమైతే గాలి లేని చోటు లేదు. ఇట్లు ఆలోచిస్తుండగా, సహాధ్యాపకుడైన రసాయనశాస్త్రజ్ఞుడు థామస్ ఆండర్సన్ ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ రచనలను ఆయన దృష్టికి తెచ్చాడు. పాలు విరగడానికి, సారాయం పులియడానికి కారణం గాలి కాదు, గాలిలోని ధూళితో వచ్చిపడే సూక్ష్మజీవులని పాశ్చర్ నిరూపించి ఉన్నాడు. పులియుటకూ కుళ్లుటకూ హేతువు ఒక్కటేనని లిస్టర్‌కు తట్టింది. పాశ్చర్ వాటిని వేడిచేసి చంపాడు. మనిషి మాంసాన్ని కాచలేము గనుక మందు వెదకాలి. ఆ సమయాననే కార్లైల్ పట్టణంలో మురుగునీటిలో కార్బాలిక్ ఆమ్లం కలిపితే దుర్గంధం పోయిందని, ఆ నీరు పారిన బీళ్లలో మేసిన పశువుల తెగులు కూడా తగ్గిందని ఆయనకు తెలిసింది.

1865 మార్చిలో మొదటి ప్రయత్నం చేశాడు, విఫలమైంది. ఆ వైఫల్యం మందుది కాదు, వాడిన తీరుదని గుర్తించి దానిని దాచక ప్రకటించాడు. ఆ సంవత్సరమే ఆగస్టు 12వ తేదీన జేమ్స్ గ్రీన్లీస్ అనే పదకొండేండ్ల బాలుని ఆసుపత్రికి తెచ్చారు. బండి చక్రం ఎడమకాలి మీదుగా పోయి, ఎముక విరిగి చర్మం చీలింది. లిస్టర్ ఆ గాయాన్ని కార్బాలిక్ ఆమ్లంతో శుభ్రపరచి, అదే మందులో తడిపిన గుడ్డ వేసి, మందు ఆవిరియై పోకుండా పైన తగరపు రేకు కప్పి, బద్దలు కట్టించాడు. నాలుగు రోజులవరకు ముట్టలేదు. ఆ నాలుగు రాత్రులు ఆ వైద్యుడు ఎట్లు గడిపాడో మనం ఊహించుకొనవలసినదే. అయిదవనాటికి చీము పట్టి దుర్గంధం రావడం ఆ కాలపు రివాజు. కట్టు విప్పగా చీము లేదు, వాసన లేదు. మందు ఘాటుకు చర్మం కొంత ఎర్రబారినది, అంతే. ఆ తరువాత మందును పలుచన చేసి కొనసాగించాడు. ఆరు వారాలు దాటేసరికి ఎముక అతుక్కొని ఆ పిల్లవాడు తన రెండు కాళ్లతో ఇంటికి నడిచాడు.

ఈ సందర్భంలో చరిత్ర చేసిన ఒక క్రూరమైన చమత్కారం చెప్పకతప్పదు. వైద్యులు చేతులు కడుగుకొని ప్రసూతిగదిలో ప్రవేశిస్తే బాలింతల మరణాలు తగ్గుతవని 1847లోనే వియన్నాలో నిరూపించి, తోటివారి అవహేళనకు గురియైన సెమెల్‌వైస్ మహాశయుడు, గ్రీన్లీస్ కాలికి కట్టు కట్టిన మరునాడే, 1865 ఆగస్టు 13న, ఒక మానసిక చికిత్సాలయంలో, గాయం కుళ్లిన కారణంగానే కన్నుమూశాడు. ఒక దీపం ఆరిన వేళకే మరొకటి వెలిగింది. కాని ఈ దీపానికి ఆ దీపం సంగతి అప్పటికి తెలియదు.

లిస్టర్ తొందరపడలేదు. చర్మం చీలి ఎముక విరిగిన పదకొండుమందికి చికిత్స చేసి, తొమ్మిదిమంది అవయవనష్టం లేకుండా బ్రతికారని, ఒకరికి కాలు తీయవలసివచ్చిందని, ఒకరు మరణించారని 1867లో లాన్సెట్ పత్రికలో వరుస వ్యాసాలుగా ప్రకటించాడు. గెలుపులతోపాటు ఓటములను కూడా లెక్కవేసి చూపడం ఆయన నియమం. కాలుచేతులు తొలగించిన శస్త్రచికిత్సలలో, ఈ పద్ధతికి ముందు 35 మందిలో 16 మంది మరణించగా, పద్ధతి అమలైన తరువాత 40 మందిలో ఆరుగురే మరణించారు. 1867లోనే ఆయన సోదరి ఇసబెల్లాకు రొమ్ములో పుండు ఏర్పడగా ఇతర వైద్యులు వెనుదీశారు. సొంత సోదరి దేహంపై కత్తి పెట్టడానికి ఎంతటి గుండె నిబ్బరం కావలెనో! లిస్టర్ తన ఇంటి బల్లమీదనే శస్త్రచికిత్స చేశాడు. గాయం చీము పట్టక మానింది. ఆమె ఆ తరువాత సుమారు మూడేండ్లు జీవించింది.

లోకం వెంటనే చేతులు జోడించిందని తలచరాదు. క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చిన సింప్సన్ వంటి ప్రముఖుడే ఎదిరించాడు. కంటికి కానరాని క్రిములను నమ్మడం శాస్త్రం కాదని కొందరు, ఇది పాత మందుకు కొత్తపేరని కొందరు, ఇంత శ్రమ ఎవరు పడతారని మరికొందరు అన్నారు. సంస్థలను నడిపే పెద్దలు గమనింపదగిన సంగతి ఒకటున్నది. తన వార్డు క్రింద, నేలకు కొద్ది అంగుళాల దిగువన, 1849 కలరా ఉపద్రవంలో పూడ్చిన శవపేటికలు ఉన్నవని, అట్టి చోటగూడ తన పద్ధతివల్ల రోగులు ఆరోగ్యంగా ఉన్నారని లిస్టర్ 1870లో వ్రాయగా, ఆసుపత్రి నిర్వాహకులు కోపించి పత్రికాముఖంగా ఖండించారు. వారిని బాధించినది నేల క్రింది శవాలు కాదు, ఆ మాట బయటికి పొక్కడం. లోపాన్ని చూపినవానిని శత్రువుగా భావించడం ఏ దేశపు నిర్వాహకులకైనా సులభంగా పట్టే జబ్బు.

1869లో ఆయన ఎడింబరోకు మామగారి స్థానంలో ఆచార్యుడుగా తిరిగి వెళ్లాడు. అక్కడ గాయపు కట్టును ఒక శాస్త్రంగా తీర్చిదిద్దాడు. మందు ఘాటు లేత చర్మానికి తగలకుండా గాయంమీద ఒక పట్టుపొర, దానిపై కార్బాలిక్ మందు పట్టించిన గాజుగుడ్డ ఎనిమిది మడతలు, పై మడతక్రింద నీరు చొరని ఒక పొర. లోపలినుండి రసి ఊరితే అది మడతలన్నింటా ప్రయాణించి అంచున బయటపడాలి. ఆ దారిపొడవునా క్రిములు చావాలి. కుట్టుదారాలుగూడ మందులో నానబెట్టిన గొర్రెప్రేగు తంతువులే, అవి లోపలనే కరిగిపోతవి. 1871లో విక్టోరియా రాణి చంకలో వ్రణం లేచినప్పుడు దానిని కోసి, చీము జారడానికి రబ్బరు గొట్టం అమర్చినది లిస్టరే. రాణికి ఏ కట్టో, ఉచిత వార్డులోని బీదవానికి అదే కట్టు. మరొక కాలు కూడా తీయకతప్పదని ఇతరులు చెప్పిన హెన్లీ అనే యువకవి 1873లో ఆయన వద్దకు వచ్చి, నెలల తరబడి పడకపై ఉండి, ఆ కాలు నిలుపుకొని వెళ్లాడు. ఆంగ్లసాహిత్యంలో ఆసుపత్రి కవితలకు పేరుపొందినవాడాయనే.

మహాపురుషుని గొప్పతనం ఆయన కనుగొన్నదానిలో ఎంత ఉన్నదో, తప్పని తేలినదానిని వదలుకొనుటలో అంత ఉన్నదని మేము నమ్ముతాము. గాలిలోని క్రిములే ముఖ్యశత్రువులని తలచి 1871 ప్రాంతంలో లిస్టర్ ఒక పిచికారీ యంత్రం ప్రవేశపెట్టాడు. శస్త్రచికిత్స సాగినంతసేపూ కార్బాలిక్ మందు తుంపరలు గది నిండా చిమ్మేవి. వైద్యుల చేతులు తెల్లబారి పగిలేవి, గొంతులు మండేవి. తరువాతి పరిశోధనలవలన గాలికంటె చేతులు, పనిముట్లు, గుడ్డలే అపాయకరమని తేలింది. 1890లో బెర్లిన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ వైద్యమహాసభలో, దేశదేశాల పండితుల సమక్షంలో, ఆ పిచికారీని తాను ఎన్నడైనా సిఫారసు చేసినందుకు సిగ్గుపడుతున్నానని ఆయన ఒప్పుకొన్నాడు. అప్పటికాయన వయస్సు అరువదిమూడు. పేరుప్రతిష్ఠలు శిఖరాన ఉన్నవేళ ఆ మాట అనడానికి ఎంత నిజాయితీ కావాలి!

అక్కడినుండి విద్య మరొక మెట్టెక్కింది. గాయంలో చేరిన క్రిములను మందుతో చంపడం లిస్టర్ ఆరంభించిన మార్గం. క్రిములను గాయం దరికే రానీయకపోవడం దాని కొనసాగింపు. బెర్లిన్‌లో బెర్గ్‌మన్, ఆయన సహాయకుడు షిమ్మెల్‌బుష్ గుడ్డలనూ పనిముట్లనూ నీటి ఆవిరితో శుద్ధిచేసే ఏర్పాటు చేశారు. అమెరికాలో బాల్టిమోర్ నగరాన కరోలిన్ హాంప్టన్ అనే నర్సుకు శుద్ధిమందుల ఘాటువల్ల చేతులు పొక్కిపోగా, శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ ఆమె కోసం పలుచని రబ్బరు తొడుగులు చేయించాడు. నేడు వైద్యలోకమంతా ధరించే తొడుగు తొలుత ఒక నర్సు చేతుల బాధనుండి పుట్టినదన్నమాట. ఆ తరువాత ఆమెను ఆయన వివాహమాడాడు. నేడు ఆసుపత్రులలో గాజుగుడ్డలను, పనిముట్లను 121 డిగ్రీల సెంటీగ్రేడు ఆవిరిలో ఒత్తిడితో ఉంచి శుద్ధిచేస్తున్నారు. ఆ పొట్లం విప్పేవరకే ఆ శుద్ధి. విప్పిన పిమ్మట దానిని కాపాడవలసినది నర్సు చేయి ఒక్కటే.

1877లో లిస్టర్ లండను కింగ్స్ కళాశాలకు మారాడు. ఆ ఊరి వైద్యులు తన పద్ధతిని నమ్మడంలేదని తెలిసియే వెళ్లాడు. ఆ అక్టోబరులోనే విరిగిన మోకాలిచిప్పను కోసి తెరచి, వెండితీగతో బిగించి చూపాడు. మూసి ఉన్న కీలును తెరవడం ప్రాణం తీయడమేనని భావించిన రోజులవి. రోగి సుఖంగా కోలుకొన్నాడు. ఎదురుమాటలు క్రమంగా అణగిపోయాయి. 1892 డిసెంబరులో పాశ్చర్ డెబ్బదవ జన్మదినోత్సవం పారిస్‌లో జరిగినప్పుడు లిస్టర్ స్వయంగా వెళ్లి, తన విద్యకు మూలం ఆయనేనని నిండుసభలో కృతజ్ఞత తెలిపాడు. మరుసటి సంవత్సరం ఇటలీ యాత్రలో ఆగ్నెస్ హఠాత్తుగా మరణించింది. ముప్పదియేడేండ్లు కలము పట్టి తోడునిలిచిన చేయి అది. ఆ తరువాత ఆయన వైద్యవృత్తినుండి తప్పుకొన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవి, 1897లో ప్రభువర్గంలో స్థానం వంటి గౌరవాలు వచ్చినవి గాని, ఇల్లు మాత్రం శూన్యమైంది. 1912 ఫిబ్రవరి 10వ తేదీన వాల్మర్ అనే సముద్రతీరపు ఊరిలో తుదిశ్వాస విడిచాడు. రాజులూ కవులూ నిద్రించే వెస్ట్‌మిన్‌స్టర్‌లో చోటు లభించేదే అయినా, తన కోరిక ప్రకారం ఒక సామాన్య శ్మశానవాటికలో భార్య సమాధి ప్రక్కనే విశ్రమించాడు.

మరల మన పలాసకు వద్దాము. ఆనాడు మాకు తతంగంగా తోచిన ఆ పనిలో ప్రతి మెట్టుకూ ఒక అర్థమున్నది. చేతులు కడగడం సెమెల్‌వైస్ ప్రాణమిచ్చి చెప్పిన పాఠం. తొడుగు కరోలిన్ హాంప్టన్ చేతుల చలువ. ముక్కూనోరూ కప్పడం ఎందుకంటే ఊపిరితోనూ మాటతోనూ తుంపరలు పడతవి గనుక. పాత కట్టును ముట్టిన తొడుగుతో కొత్త కట్టును ముట్టరాదు, ఎందుకంటే మైల చేతినుండి చేతికి నడుస్తుంది. శుద్ధమైన వస్తువు శుద్ధమైన వస్తువునే తాకాలి. తాకిందేమోనన్న సందేహం కలిగినా తాకినట్లే భావించి పారవేయాలి. పూసిన మందు ఆరేవరకు ఆగడం ఎందుకంటే, ఆరేలోపలనే అది తన పని పూర్తిచేస్తుంది. మా తొందరకు ఆ సిస్టరమ్మ లోబడి ఉంటే నష్టపోయేది ఆమె కాదు, మా బంధువే.

ఈ విద్యలో మరొక కష్టమున్నది. తప్పు చేసినప్పుడు వెంటనే ఏమీ జరుగదు. గాయం అరవదు, క్రిమి కనిపించదు. రెండుమూడు నాళ్ల తరువాత చలిజ్వరం వచ్చినప్పుడు ఏ చేతి తప్పో ఎవరికీ తెలియదు. అందుచేత ఈ పనికి సాక్షి అంతరాత్మ ఒక్కటే. చూచేవారు లేని చోటగూడ చేయి కడుగుకొనే మనిషిని తయారుచేయడమే లిస్టర్ జీవితంయొక్క సారమని మా నమ్మకం. మందులు మారినవి. కార్బాలిక్ పోయి వేరొకటి వచ్చింది. ఆ నియమం మాత్రం మారలేదు.

విద్యార్థి మిత్రులలో కొందరు రేపు నర్సింగ్ శిక్షణకు పోవచ్చును. తెల్లదుస్తుల ఉద్యోగమని మాత్రమే తలచి పోవద్దని మా మనవి. ఇతరులు రోగికి తోడుగా ఆసుపత్రికి పోతారు. వారు కట్టు మార్చే సమయాన నర్సును తొందరపెట్టక, ఫ్యాను ఆపమంటే ఆపి, బయటికి పొమ్మంటే పోయి సహకరించాలి. డయాలిసిస్ గొట్టం ఉన్న పెద్దలు ఇంట ఉన్నవారు ఆ కట్టును తడవనీయక, తామై విప్పక, చలిజ్వరం వచ్చినా, అక్కడ ఎర్రబారినా, రసి కారినా మరునాటికి వాయిదావేయక ఆసుపత్రికి చేర్చాలి. ఇంట చిన్నగాయమైతే కాఫీపొడి, బూడిద, పేడ పెట్టక, శుభ్రమైన నీటితోనూ సబ్బుతోనూ కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టడం మేలు. ఇంటిలో మరహమ్ పట్టీ అన్నా, గాయపు కట్టు అన్నా, ముందు కడిగిన చేయి లేనిదే ఆ మాటకు అర్థం లేదు.

కళాశాల పాలకవర్గం పెద్దలకు ఒక విన్నపం. మన ఆటస్థలంలో మోకాళ్లు చీరుకొనని రోజు ఉండదు. నీటికొళాయి ప్రక్కన ఎల్లవేళలా ఒక సబ్బు, ఆఫీసు గదిలో విప్పని శుద్ధమైన గాజుగుడ్డ పొట్లాలతో ఒక ప్రథమచికిత్స పెట్టె, సంవత్సరానికి ఒకనాడు అనుభవజ్ఞురాలైన నర్సు చేత పిల్లలకు కట్టు కట్టే శిక్షణ, ఈ మూడింటికి అయ్యే వ్యయం స్వల్పం. లోపం చూపామని గ్లాస్గో నిర్వాహకులవలె కోపించరని మా ధైర్యం.

మా బంధువుగారి చేతి రక్తనాళం సిద్ధమై, మెడలోని గొట్టం తీసివేశారు. గొట్టం ఉన్న చోట ఇప్పుడు చిన్న మచ్చ మాత్రమే మిగిలింది. చీము ఎరుగని మచ్చ అది. దానిని చూచినప్పుడెల్లా మాకు ఆ సిస్టరమ్మ, మందు ఆరేవరకు కదలక నిలబడిన ఆ అరనిమిషం జ్ఞాపకం వస్తవి.